పాత వాల్వు రేడియో: ఇరవై నిమిషాలు పాడాక గొంతు చీలిపోతోంది, ఔట్‌పుట్ వాల్వు ఈఎల్84 ప్లేటు ఎర్రబడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతడయల్
అందరికీ నమస్కారం. పాత వాల్వు రేడియో ఒకటి బాగుచేస్తున్నాను. వాల్వుల వరస ఇది: ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈఏబీసీ80, ఔట్‌పుట్‌కి ఈఎల్84, రెక్టిఫయర్ ఈజడ్80, స్టేషన్ ఎంత గట్టిగా అందుతోందో చూపే పచ్చ కన్ను ఈఎం80. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టే, చాసిస్‌కి (భాగాలన్నీ బిగించిన లోహపు చట్రానికి) మెయిన్స్ నేరుగా తగలదు. ఫిల్టర్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు రెండూ ఉబ్బిపోయి ఉంటే 47 మైక్రోఫారడ్, 450 వోల్టులవి వేశాను. హమ్ పోయింది.

ఆన్ చేసిన కొత్తలో చక్కగా పాడుతుంది, బేస్ కూడా నిండుగా ఉంటుంది. ఒక ఇరవై నిమిషాలు గడిచేసరికి మాట బొంగురుపోతుంది, సంగీతం అయితే చీలికలు చీలికలుగా వస్తుంది, వాల్యూమ్ తగ్గించినా అదే తీరు. గది చీకటి చేసి చూస్తే ఈఎల్84 లోపల ప్లేటు అతుకు దగ్గర మసక ఎరుపు కనిపిస్తోంది. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనడం లేదు. ఆపేసి చల్లారనిచ్చి మళ్ళీ పెడితే మళ్ళీ మొదట్లో బాగుంటుంది.

పేపర్ కెపాసిటర్లు మార్చలేదు. ఒకవైపు కాలు విప్పి కెపాసిటెన్స్ మీటరుతో చూశాను, అన్నీ రాసి ఉన్న విలువకి దగ్గరే, ఒకటి రెండు కాస్త ఎక్కువే చూపించాయి. అందుకే వాటిని ముట్టుకోలేదు. వాల్వు పోయిందా, ట్రాన్స్‌ఫార్మరా?

నాబ్‌తిప్పు
ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతోందంటే లోపల చుట్లు షార్ట్ అయి ఉంటాయి, నా అనుమానం అదే. వేడికి ఇన్సులేషన్ కరిగి చుట్టూ చుట్టూ కలిసిపోతుంది, చల్లారితే విడిపోతుంది. ఇంకో దారి ఏంటంటే పేపర్ కెపాసిటర్లన్నీ ఒకేసారి పీకేసి కొత్తవి వేసేయడం, అప్పుడు సగం అనుమానాలు పోతాయి.

మీడియంవేవ్
పాతడయల్ గారూ, ముందు ఆ సెట్టుని ప్లేటు ఎర్రబడేదాకా నడపడం ఆపండి. ఈఎల్84 ప్లేటు భరించేది 12 వాట్లే. ఎరుపు కనిపించిందంటే అది దాటేసి చాలాసేపైనట్టు. వాల్వుతో ఆగదు, ఆ కరెంటంతా ఈజడ్80 నుంచే రావాలి, దానికీ 90 మిల్లీ ఆంపియర్ల హద్దు ఉంది, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తీగ అయితే వెంట్రుకంత సన్నం. వాల్వు పోతే ఇంకోటి దొరుకుతుంది గానీ ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకడం కష్టం.

కరెంటు హద్దు దాటకుండా ఒక 60 వాట్ల ఫిలమెంట్ బల్బు మెయిన్స్‌కి సిరీస్‌లో పెట్టుకోండి (ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు). బల్బు ఉన్నప్పుడు వోల్టేజీలు తక్కువగా ఉంటాయి, కాబట్టి అది మొదటి పరీక్షకి మాత్రమే. రీడింగులు తీసేటప్పుడు నేరుగా ఇచ్చి, మీటరు మీద కన్నేసి, పెరుగుతున్నట్టు కనిపించగానే ఆపేయండి.

ఇప్పుడు కావలసినవి, అన్నీ చాసిస్ నుంచి: ఈఎల్84 3వ పిన్ను అంటే కాథోడ్ (ఎలక్ట్రాన్లు వదిలేది), 7వ పిన్ను ప్లేటు (వాటిని అందుకునేది), 9వ పిన్ను స్క్రీన్ (రెండో గ్రిడ్), 2వ పిన్ను గ్రిడ్ (పాట వచ్చే చోటు, కరెంటుని అదుపు చేసేది). ఆన్ చేసిన రెండు నిమిషాలకి ఒకసారి, గొంతు చీలడం మొదలవ్వగానే ఒకసారి. కాథోడ్ రెసిస్టర్ విలువ, గ్రిడ్ నుంచి చాసిస్‌కి ఉన్న రెసిస్టర్ విలువ కూడా చెప్పండి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, మీటరు నల్ల తీగని క్లిప్పుతో చాసిస్‌కి తగిలించి, ఒక చేత్తోనే కొలవండి.

టంకంపొగ
నాబ్‌తిప్పు గారూ, చుట్లు షార్ట్ అయిన ట్రాన్స్‌ఫార్మర్ మొదటి నిమిషం నుంచే నీరసంగా, సన్నగా పాడుతుంది. ఈయన మొదట్లో బేస్ నిండుగా ఉందంటున్నారు. పైగా ట్రాన్స్‌ఫార్మర్ వేడి అనేది చాలాసార్లు ఫలితమే, కారణం కాదు. దాని గుండా వెళ్ళే డీసీ పెరిగితే అది వేడెక్కక ఏం చేస్తుంది? ప్రైమరీ రెసిస్టెన్స్ కూడా ఒకసారి కొలవమనండి.

పాతడయల్
థాంక్స్ అండీ. నా దగ్గర ముల్లు మీటరు ఉంది, వోల్టుకి 20 కిలో ఓమ్‌ల రకం. దానితో తీసినవి ఇవీ:

రెండు నిమిషాలకి కాథోడ్ 7.8, ప్లేటు 242, స్క్రీన్ 250.
ఇరవై నిమిషాలకి కాథోడ్ 11.6, ప్లేటు 208, స్క్రీన్ 215.

కాథోడ్ రెసిస్టర్ 150 ఓమ్‌లు, విప్పి కొలిస్తే 152 ఉంది. గ్రిడ్ రెసిస్టర్ 680 కిలో ఓమ్‌లు, అదీ బాగానే ఉంది. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ 420 ఓమ్‌లు.

గ్రిడ్ మాత్రం వాల్వు తీసేసి 10 వోల్టుల రేంజిలో చూశాను, పక్క వాల్వు ప్లేటు నుంచి లీకు ఉంటే తెలుస్తుందని ఎక్కడో చదివాను. 1.3 వోల్టులే ఉంది. సున్నాకి దగ్గరే కదా, అంటే పక్క వాల్వు ప్లేటుకీ ఈ గ్రిడ్‌కీ మధ్య ఉన్న కప్లింగ్ కెపాసిటర్ బాగున్నట్టేనా?

టంకంపొగ
లెక్క చూడండి. కాథోడ్ 11.6 వోల్టులు, రెసిస్టర్ 150 ఓమ్‌లు, అంటే 77 మిల్లీ ఆంపియర్లు. అందులో స్క్రీన్‌కి ఓ 8 పోయిందనుకుందాం, ప్లేటుకి 69 మిగిలింది. ప్లేటుకీ కాథోడ్‌కీ మధ్య 208 లోంచి 11.6 తీస్తే 196 వోల్టులు. గుణిస్తే పదమూడున్నర వాట్లు. ఎరుపు రాకుండా ఎలా ఉంటుంది? మొదట్లో అదే లెక్క 52 మిల్లీ ఆంపియర్లు, ఈ వాల్వుకి అది సరైన చోటే. డేటా షీటులో 250 వోల్టులకి ప్లేటు 48, స్క్రీన్ 5.5 ఇచ్చారు.

కాథోడ్ వోల్టేజీ పెరుగుతోంది కాబట్టి కాథోడ్ మీద ఉన్న ఎలక్ట్రోలిటిక్ షార్ట్ కాదు. అది షార్ట్ అయితే ఇక్కడ సున్నాకి పడిపోయేది. కాబట్టి గ్రిడ్ వైపే ఏదో పైకి నెడుతోంది.

మీడియంవేవ్
1.3 వోల్టులని సున్నా కింద తీసుకోకండి, ఇక్కడే అసలు విషయం ఉంది. మీ ముల్లు మీటరు 10 వోల్టుల రేంజిలో ఉన్నప్పుడు అది స్వయంగా 200 కిలో ఓమ్‌ల రెసిస్టర్. 680 కిలో ఓమ్‌ల గ్రిడ్ రెసిస్టర్‌కి పక్కన 200 కిలో ఓమ్‌లు తగిలిస్తే ఉన్న వోల్టేజీ నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే మీటరు తీసేసిన క్షణంలో అక్కడ 5 వోల్టుల పైనే ఉండాలి. మీటరు అబద్ధం చెప్పలేదు, కొలిచే చోటు దాన్ని మోయలేకపోయింది. కాథోడ్, ప్లేటు దగ్గర ఈ తేడా రాదు, అవి బలమైన చోట్లు. గ్రిడ్, ఏవీసీ లైను (స్టేషన్ బలాన్ని బట్టి శబ్దాన్ని తనంతట సర్దే వోల్టేజీ లైను) మాత్రం 10 మెగాఓమ్‌ల డిజిటల్ మీటరుతోనే చూడాలి.

డిజిటల్ ఒకటి అరువు తెచ్చుకోండి. సెట్టు వేడెక్కి గొంతు చీలుతున్నప్పుడు గ్రిడ్ ఎంత, వెంటనే ఆపి ఈఎల్84 పీకి (గుడ్డతో పట్టుకోండి, కాలుతుంది) మళ్ళీ ఆన్ చేస్తే గ్రిడ్ ఎంత, ఆ స్థితిలోనే ఈఏబీసీ80 ట్రయోడ్ ప్లేటు దగ్గర ఎంత, ఈ మూడూ కావాలి. ఔట్‌పుట్ వాల్వు తీసేస్తే హెచ్‌టీ (ప్లేట్లకి వెళ్ళే ఎక్కువ డీసీ వోల్టేజీ) బాగా పెరుగుతుంది, మీ ఫిల్టర్లు 450 వోల్టులవి కాబట్టి ఫర్వాలేదు, కానీ ఎక్కువసేపు ఉంచొద్దు.

ఇంకో చిన్న పరీక్ష: వాల్వు పెట్టి ఉన్నప్పుడే, గొంతు చీలుతుండగా, ఒక క్లిప్పు తీగతో 2వ పిన్నుని చాసిస్‌కి కలపండి. పాట ఆగిపోతుంది, అది సహజం. కాథోడ్ వోల్టేజీ ఏడున్నర దగ్గరికి దిగితే దోషం గ్రిడ్ వైపు. దిగకపోతే వేరే చోట వెతకాలి.

మ్యాజిక్‌ఐ
పక్క ప్రశ్న, పాతడయల్ గారూ. గట్టి స్టేషన్ దగ్గర ఈఎం80 పచ్చ రెక్కలు పూర్తిగా కదులుతున్నాయా, సగంలో ఆగిపోతున్నాయా? పేపర్ కెపాసిటర్లు మార్చలేదన్నారు కాబట్టి అడుగుతున్నా.

పాతడయల్
సగంలోనే ఆగిపోతున్నాయండీ, కన్ను ముసలిదైపోయిందేమో అనుకున్నాను.

డిజిటల్ మీటరు దొరికింది. గొంతు చీలేటప్పుడు గ్రిడ్ 6.3 వోల్టులు, పాజిటివ్. 2వ పిన్నుని చాసిస్‌కి కలిపితే కాథోడ్ 11.6 నుంచి 7.5కి దిగింది. ఈఎల్84 పీకాక గ్రిడ్ 5.2, ట్రయోడ్ ప్లేటు 96. మీడియంవేవ్ గారు చెప్పిన ఐదు వోల్టులు అచ్చంగా వచ్చాయి!

టంకంపొగ
దొరికింది. 96 వోల్టుల నుంచి గ్రిడ్‌కి 5.2 వోల్టులు దిగుతున్నాయంటే ఆ కెపాసిటర్ లీకు 11 మెగాఓమ్‌ల చుట్టుపక్కల ఉంది. చూడ్డానికి పెద్ద అంకెలాగే ఉంటుంది, మామూలు ఓమ్ మీటరుకి దొరకదు కూడా, కానీ ఆ చోట అది చాలు. మంచి ఫిల్మ్ కెపాసిటర్ అయితే వేల మెగాఓమ్‌లలో ఉంటుంది.

రుజువు కావాలంటే గ్రిడ్ వైపు కాలు విప్పి, ఆ విప్పిన కాలుకీ చాసిస్‌కీ మధ్య డిజిటల్ మీటరు డీసీ వోల్టులలో పెట్టండి. మంచి కెపాసిటర్ అయితే అంకె ఒక్కసారి ఎగిరి మెల్లగా సున్నా వైపు దిగుతుంది. మీది 45 దగ్గర నిలబడిపోవాలి, ఎందుకంటే మీటరు 10 మెగాఓమ్‌లు, కెపాసిటర్ 11, ఉన్న 96ని దాదాపు చెరిసగం పంచుకుంటాయి.

నాబ్‌తిప్పు
మరి కెపాసిటెన్స్ మీటరులో బాగుందన్నారు కదా? నేనూ ఎప్పుడూ దానితోనే చూసి పాస్ చేస్తాను. అది చాలదా?

మీడియంవేవ్
చాలదండీ. ఆ మీటరు కెపాసిటర్ మీద పెట్టేది ఒక వోల్టో, అంతకంటే తక్కువో. సెట్టులో దాని మీద వంద వోల్టులు, వేడి, రెండూ ఉంటాయి. పాత పేపర్ కెపాసిటర్ అంటే రెండు రేకుల మధ్య నూనెలోనో మైనంలోనో ముంచిన కాగితం. ఏళ్ళు గడిచేకొద్దీ చివర్ల నుంచి తేమ లోపలికి పోతుంది, కాగితం కరెంటుని కొద్దికొద్దిగా పోనిస్తుంది. వేడెక్కితే ఇంకా ఎక్కువ పోనిస్తుంది, అందుకే ఇరవై నిమిషాల కథ. ఇంకోటి, లీకున్న కెపాసిటర్ చాలా మీటర్లలో రాసిన విలువకంటే ఎక్కువ చూపిస్తుంది. పాతడయల్ గారు "ఒకటి రెండు కాస్త ఎక్కువే" అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. పేపర్ కెపాసిటర్ విలువ పెరిగి కనిపిస్తే దాన్ని మొదటి ముద్దాయిగా చూడాలి.

కప్లింగ్ కెపాసిటర్‌కే ఎందుకింత పట్టింపు అంటే, ఔట్‌పుట్ గ్రిడ్ కాథోడ్ కంటే ఏడున్నర వోల్టులు కింద ఉండాలి, అదే వాల్వుకి పగ్గం. పక్క వాల్వు ప్లేటు మీద వంద వోల్టులు కూర్చుని ఉన్నాయి. ఆ రెంటికీ మధ్య ఉన్న గోడ ఈ ఒక్క చిన్న గొట్టమే.

పాతడయల్
కాలు విప్పి చూశాను, 44 దగ్గర నిలిచింది. ఇక సందేహం లేదు.

ఇప్పుడు నాకున్న ప్రశ్న: ఇదొక్కటే మార్చాలా, నాబ్‌తిప్పు గారన్నట్టు పేపర్‌వన్నీ ఒకేసారి మార్చేయాలా? కింద చాసిస్‌లో ఇంకా చాలా ఉన్నాయి. పాత రూపం పాడవకుండా ఉండాలని నా కోరిక.

నాబ్‌తిప్పు
అన్నీ మార్చేయండి. ఒకటి పోయిందంటే అదే వయసువి మిగతావీ పోతాయి. మళ్ళీ మళ్ళీ చాసిస్ బయటికి లాగడం కంటే ఒకేసారి అయిపోతుంది.

టంకంపొగ
చివరికి అన్నీ మార్చాలన్నదాంట్లో నాకూ అభ్యంతరం లేదు. ఒకేసారి అన్నది మాత్రం ఒప్పుకోను. ఒకేసారి పదిహేను విప్పి పదిహేను వేస్తే, ఆ తర్వాత సెట్టు మూగబోతే అది పాత దోషమా, మీరు ఒక కాలు తప్పు చోట అతికించారా అన్నది తేల్చడం పెద్ద తలనొప్పి. ఒకటి మార్చు, ఆన్ చెయ్యి, విను, కొలువు, తర్వాతిది. నిదానమే గానీ ప్రతి మెట్టులో మీరెక్కడున్నారో తెలుస్తుంది. మైకా, సిరామిక్ కెపాసిటర్ల జోలికి మాత్రం కారణం లేకుండా వెళ్ళకండి. ఐఎఫ్ డబ్బాల్లో (ట్యూనింగ్ కాయిల్స్ ఉండే డబ్బాల్లో) ఉన్నవి కదిపితే అలైన్‌మెంట్, అంటే ట్యూనింగ్ సర్దుబాటు పోతుంది.

మ్యాజిక్‌ఐ
వరస విషయంలో నా మాట: కప్లింగ్ తర్వాత మెయిన్స్ వైపు కెపాసిటర్. మెయిన్స్ తీగ నుంచి చాసిస్‌కి ఏదైనా పేపర్ కెపాసిటర్ ఉంటే అది షార్ట్ అయిన రోజు చాసిస్ మీద ప్రాణాంతకమైన కరెంటు. అక్కడ మామూలు ఫిల్మ్ కెపాసిటర్ వేయకూడదు, వై క్లాస్ అని ముద్ర ఉన్నదే వేయాలి. మెయిన్స్ రెండు తీగల మధ్య ఉంటే ఎక్స్ క్లాస్. ఆ తర్వాత ఏవీసీ లైను. మీ కన్ను సగంలో ఆగడానికి అదే కారణం అయ్యుండొచ్చు. ఏవీసీ లైనుకి 2 మెగాఓమ్‌ల రెసిస్టర్ గుండా వోల్టేజీ వస్తుందనుకోండి, అక్కడి కెపాసిటర్ 5 మెగాఓమ్‌ల లీకు ఉంటే దాదాపు మూడో వంతు అక్కడే పోయింది. కన్ను ముసలిదైతే వెలుగు మసకబారుతుంది, రెక్కల కదలిక తగ్గడం వేరే సంగతి. ఆ తర్వాత స్క్రీన్ బైపాస్‌లు, అంటే స్క్రీన్ నుంచి చాసిస్‌కి ఉండే కెపాసిటర్లు.

ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ మీద ఉండే చిన్న టోన్ కెపాసిటర్‌ని కూడా మరవొద్దు, అక్కడ పాట ఎగిరినప్పుడు హెచ్‌టీ కంటే చాలా ఎక్కువ వోల్టేజీ పడుతుంది, 1000 వోల్టులకి తక్కువది పెట్టకండి. పరీక్షల మధ్యలో స్పీకర్ తీగ ఊడదీసి సెట్టు నడపొద్దు, ఆ ఎగిరే వోల్టేజీకే ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ చిల్లుపడుతుంది.

మీడియంవేవ్
పాత రూపం గురించి: పాత గొట్టాన్ని పారేయకండి. హాట్ ఎయిర్‌తో మెల్లగా వేడి చేస్తే లోపలి మైనం మెత్తబడి చుట్ట మొత్తం జారి బయటికి వస్తుంది. ఖాళీ గొట్టంలో కొత్త ఫిల్మ్ కెపాసిటర్ పెట్టి, రెండు చివర్లా మైనమో తారు లాంటిదో పోసి మూసేయండి. లేబుల్ అలాగే ఉంటుంది, కింద నుంచి చూసినవాళ్ళకి తేడా తెలియదు. నేను గొట్టం లోపల మార్చిన సంవత్సరం రాసిన చిన్న కాగితం కూడా పెడతాను, రేపు ఇంకెవరైనా విప్పితే పాతదనుకుని మోసపోకూడదు. కొత్తది 10 నానోఫారడ్, 630 వోల్టులది తీసుకోండి.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. వాల్వు ఉన్నప్పుడు గ్రిడ్ 6.3, తీసేశాక 5.2. వాల్వు తీస్తే హెచ్‌టీ పెరిగింది, ట్రయోడ్ ప్లేటు కూడా పెరిగి ఉంటుంది, కాబట్టి కెపాసిటర్ ఒక్కటే దోషి అయితే తీసేశాకే గ్రిడ్ ఎక్కువ ఉండాలి. ఇక్కడ తగ్గింది. ఆ వోల్టు పైచిలుకు ఎక్కడినుంచి వచ్చిందో కెపాసిటర్ మార్చాక చూద్దాం.

పాతడయల్
కప్లింగ్ కెపాసిటర్ మార్చాను, గొట్టం లోపలే పెట్టాను. ఆన్ చేయగానే గ్రిడ్ 0.0, కాథోడ్ 7.6. ఇరవై నిమిషాల గీత దాటినా గొంతు బాగానే ఉంది, ఎరుపు లేదు, ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

కానీ మీటరు తీయకుండా వదిలేశాను. అరగంటకి గ్రిడ్ 1.4, కాథోడ్ 8.5. గంట దాటేసరికి గ్రిడ్ 2.3, కాథోడ్ 9. మెల్లగా ఎక్కుతూనే ఉంది. వినడానికి ఏ తేడా లేదు. కొత్త కెపాసిటర్ కూడా లీకా? టెన్షన్‌గా ఉంది.

నాబ్‌తిప్పు
9 వోల్టులంటే 60 మిల్లీ ఆంపియర్లు. పన్నెండు వాట్ల చుట్టుపక్కలే ఉంది కదా, ఇక వదిలేయొచ్చేమో. పాత సెట్టులో అంతా డేటా షీటు ప్రకారం ఉండాలంటే ఎలా?

మీడియంవేవ్
వదిలేయొద్దండీ. ఒకచోట నిలబడిన 9 అయితే ఆలోచించేవాణ్ణి. ఎక్కుతూ ఉన్న 9 అది. వాల్వు వేడెక్కితే గ్రిడ్ ఎక్కుతుంది, గ్రిడ్ ఎక్కితే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే ఇంకా వేడెక్కుతుంది. ఎండాకాలంలో, మూసిన పెట్టెలో అది ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

అనుమానించాల్సినవి మూడు: కొత్త కెపాసిటర్, సాకెట్, వాల్వు. విడగొట్టడం తేలిక. గంట నడిచి గ్రిడ్ 2.3 ఉన్నప్పుడు ఆపి, కొత్త కెపాసిటర్ గ్రిడ్ వైపు కాలు విప్పి, వెంటనే ఆన్ చేసి వాల్వు వేడెక్కనివ్వండి. గ్రిడ్ మళ్ళీ పైకి వస్తే కెపాసిటర్ నిర్దోషి. తర్వాత కెపాసిటర్ అతికించి, అంతా వేడిగా ఉండగానే వాల్వు పీకి గ్రిడ్ చూడండి. సున్నా అయితే సాకెట్ కూడా నిర్దోషి. చల్లారాక చూస్తే సాకెట్ లీకు దాక్కుంటుంది, అందుకే వేడిగా అంటున్నాను.

పాతడయల్
చేశాను. కెపాసిటర్ కాలు గాల్లో ఉంచి చూస్తే కొద్దిసేపట్లోనే గ్రిడ్ 2.2కి వచ్చింది. కెపాసిటర్ కలిపి వాల్వు పీకితే 0.02. అంటే వాల్వే!

టంకంపొగ
వాల్వే. 2.3 వోల్టులని గ్రిడ్ రెసిస్టర్‌తో భాగిస్తే మూడున్నర మైక్రో ఆంపియర్ల చిల్లర కరెంటు గ్రిడ్ నుంచి పారుతోంది. ఇది రెండు రకాలుగా వస్తుంది. లోపల శూన్యం చెడి కాస్త గ్యాస్ చేరితే పాజిటివ్ అయాన్లు పోయి గ్రిడ్‌ని తాకుతాయి. లేదా కాథోడ్ మీది పూత ఆవిరై గ్రిడ్ తీగల మీద పేరుకుని, గ్రిడ్ వేడెక్కినప్పుడు అదే ఎలక్ట్రాన్లని వదలడం మొదలుపెడుతుంది. ఏదైనా ఫలితం ఒకటే, గ్రిడ్ పాజిటివ్ వైపు జారుతుంది. లీకు కెపాసిటర్‌తో ఎర్రబడుతూ నడిచిన వాల్వుకి ఇది రావడంలో ఆశ్చర్యం లేదు. బహుశా కెపాసిటరే ఈ వాల్వుని ఈ స్థితికి తెచ్చింది. రెండు దోషాలూ ఒకే దిక్కున లాగుతున్నాయి కాబట్టి మొదట్లో ఒకటే అనిపించింది.

నాబ్‌తిప్పు
అలాగైతే గ్రిడ్ రెసిస్టర్ 680 నుంచి 330 కిలో ఓమ్‌లకి తగ్గించేస్తే? అదే మూడున్నర మైక్రో ఆంపియర్లకి వోల్టేజీ సగానికి పడిపోతుంది, వాల్వు కొనక్కర్లేదు.

మీడియంవేవ్
లెక్క సరైనదే, మంచి ఆలోచనే. కాథోడ్ రెసిస్టర్ ఉన్న సెట్టులో ఈఎల్84కి గ్రిడ్ రెసిస్టర్ 1 మెగాఓమ్ దాటొద్దనీ, ఫిక్స్‌డ్ బయాస్ (గ్రిడ్‌కి విడిగా మైనస్ వోల్టేజీ ఇచ్చే పద్ధతి) అయితే 0.3 దాటొద్దనీ తయారీదారులు హద్దు పెట్టింది సరిగ్గా ఈ గ్రిడ్ కరెంటు భయంతోనే. 10 నానోఫారడ్‌తో 680 కిలో ఓమ్‌లు ఉంటే బేస్ 23 హెర్ట్జ్ దగ్గర తగ్గడం మొదలవుతుంది, 330 పెడితే 48 దగ్గర. ఆ స్పీకర్ ఎలాగూ అంత కిందికి పోదు, చెవికి తేడా తెలియదు. వేరే వాల్వు దొరికేదాకా నడుపుకోవడానికి ఫర్వాలేదు.

కానీ గ్యాసు వాల్వు అక్కడితో ఆగదు, కరెంటు రోజురోజుకీ పెరుగుతుంది. మూడున్నర ఏడైతే మళ్ళీ మొదటికే వస్తాం. ఆ సెట్టులో కాపాడాల్సింది ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ. వాల్వు మార్చమనే నా సలహా.

పాతడయల్
పరీక్షించిన ఈఎల్84 ఒకటి తెచ్చి పెట్టాను. రెండు గంటలు ఆపకుండా నడిపాను, పెట్టె వెనక అట్ట కూడా బిగించే. కాథోడ్ 7.5, మొదట్లో ఎంతో చివర్లోనూ అంతే. గ్రిడ్ 0.03 దాటలేదు. ప్లేటు 241. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టి ఉంచగలుగుతున్నాను. కాథోడ్ మీది పాత ఎలక్ట్రోలిటిక్ 12 వోల్టులది, ఇన్నాళ్ళూ దాదాపు అంతే మోసింది కదా, దాన్నీ తీసేసి 47 మైక్రోఫారడ్ 35 వోల్టులది వేశాను.

మ్యాజిక్‌ఐ గారూ, మెయిన్స్ నుంచి చాసిస్‌కి నిజంగానే ఒక నల్ల గొట్టం ఉంది, వై క్లాస్ వేశాను. ఏవీసీ కెపాసిటర్ మార్చగానే పచ్చ రెక్కలు గట్టి స్టేషన్ మీద దాదాపు కలుసుకుంటున్నాయి. రాత్రిపూట మీడియం వేవ్ మీద దూరపు స్టేషన్లు పైకీ కిందికీ ఊగడం కూడా బాగా తగ్గింది.

షార్ట్‌వేవ్31
ఈ చర్చ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. నాదీ ఇలాంటి గొంతు చీలిక సమస్యే. నా సెట్టులో యూసీహెచ్81, యూఎల్84, యూవై85 ఉన్నాయి, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కనిపించడం లేదు. ఇవే పరీక్షలు చేసుకోవచ్చా? ఇవాళే మీటరు నల్ల తీగ చాసిస్‌కి తగిలిద్దామనుకుంటున్నాను.

మీడియంవేవ్
ఆగండి, ఇవాళ తగిలించకండి. యు అక్షరంతో మొదలయ్యే వాల్వుల హీటర్లన్నీ 100 మిల్లీ ఆంపియర్ల మీద సిరీస్‌లో నడుస్తాయి, ఆ సెట్లలో చాసిస్ మెయిన్స్‌లోని ఒక తీగకి నేరుగా కలిసి ఉంటుంది. ప్లగ్గు ఒకవైపు పెడితే న్యూట్రల్, తిప్పి పెడితే చాసిస్ మొత్తం లైవ్. ముట్టుకుంటే మనిషి ప్రాణం పోతుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టుని మెయిన్స్ నుంచి విడదీసేది) లేకుండా వెనక అట్ట విప్పిన స్థితిలో దాన్ని ఆన్ చేయొద్దు. సిరీస్ బల్బు దాని బదులు పనికిరాదు, వేరియాక్ (వోల్టేజీ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) కూడా రాదు, రెండూ మిమ్మల్ని మెయిన్స్ నుంచి విడదీయవు.

ఇంకో తేడా, ఈ సెట్లలో ఒక వాల్వు పీకితే మిగతా హీటర్లన్నీ ఆరిపోతాయి. కాబట్టి ఔట్‌పుట్ వాల్వు తీసి గ్రిడ్ కొలిచే పద్ధతి మీకు కుదరదు. వాల్వు ఉంచి, కప్లింగ్ కెపాసిటర్ గ్రిడ్ వైపు కాలు విప్పి, కాలుకీ చాసిస్‌కీ మధ్య డిజిటల్ మీటరు పెట్టే పద్ధతే వాడాలి. టంకంపొగ గారు పైన చెప్పింది అదే. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరికాక కొత్త చర్చ మొదలుపెట్టి, చాసిస్ కింద ఫొటో, కాథోడ్ రెసిస్టర్ విలువ పెట్టండి, అక్కడ చూద్దాం.